బిడ్డ పక్షమున మాటాడువారిపై ఫిర్యాదు

భార్యాభర్తలు విడిపోయినప్పుడు ఇంటిని అమ్మి సొమ్మును పంచుకొనవచ్చును. నగలను తూచి పంచుకొనవచ్చును. బిడ్డను మాత్రము పంచుకొనుటకు వీలుపడదు. బిడ్డ ఎవరియొద్ద పెరుగవలెను, రెండవవారిని ఎన్నడు, ఎక్కడ, ఎంతసేపు చూడవలెను అను ప్రశ్న న్యాయస్థానమునకు వచ్చినప్పుడు న్యాయాధిపతికి ఒక చిక్కు కలుగును. ఎదుట నిలిచిన తల్లికి నోరున్నది; తండ్రికిని నోరున్నది. వారి పక్షమున న్యాయవాదులు కూడ ఉండవచ్చును. ఎవరిని గూర్చి వ్యాజ్యము నడచుచున్నదో ఆ బిడ్డ మాత్రము అక్కడ ఉండదు. ఆ వేళకు బడిలోనో, అమ్మమ్మ యింటనో ఉండును.

ఈ లోటు తీర్చుటకై కొన్ని దేశములలో న్యాయస్థానము తరఫున ఒక ఉద్యోగి బిడ్డను చూచి వచ్చు ఏర్పాటున్నది. అతడో, ఆమెయో బిడ్డతో మాటాడి, తల్లిదండ్రులను విచారించి, బడిలో అడిగి తెలిసికొని, ఒక నివేదికను వ్రాసి న్యాయాధిపతికి సమర్పింతురు. ఆ కొలది పుటల నివేదిక ఒక్కొక్కప్పుడు బిడ్డ బాల్యమంతటిని నిర్ణయించును. అది సరిగా వ్రాయబడనియెడల ఏమి చేయవలెను? బిడ్డ పక్షమున మాటాడుటకై నియమింపబడిన వారిపైననే ఫిర్యాదు చేయవలసివచ్చినచో దానిని వినువారెవరు? ఈ ప్రసంగమునకు ఇదియే విషయము.

ఇందులకు ఇంగ్లండు దేశమును ఉదాహరణముగ తీసికొందము. అచ్చట ఈ పనికై ప్రత్యేకముగ ఒక సంస్థ కలదు. దాని పుట్టుక, దానిపై వచ్చిన ఫిర్యాదులు, వానిపై పార్లమెంటు జరిపిన విచారణలు అన్నియు బహిరంగముగ లిఖింపబడి యున్నవి. అదియునుగాక, నేడు ఆ దేశమున కాపురముండు తెలుగు కుటుంబములు అనేకము. వారి యిండ్లలో ఇట్టి తగవు వచ్చినచో వారును ఆ న్యాయస్థానముల మెట్లే యెక్కవలెను.

కథ 1973లో ప్రారంభమైనది. ఆ సంవత్సరము జనవరిలో ఇంగ్లండు దక్షిణతీరమునగల బ్రైటన్ పట్టణమున మరియా కాల్వెల్ అను ఏడేండ్ల బాలిక సవతితండ్రి దెబ్బలకు మరణించెను. ఆమె అంతకు మునుపు అయిదేండ్లకు పైగా మేనత్త యింట సుఖముగ పెరిగినది. తల్లి తన బిడ్డను తనకిమ్మని 1971లో న్యాయస్థానమును కోరగా, బిడ్డను రక్షింపవలసిన స్థానిక ప్రభుత్వము అడ్డు చెప్పలేదు. తల్లియు అడిగెను, అధికారులును సరే యనిరి, న్యాయస్థానమును సమ్మతించెను. బిడ్డ తల్లి యింటికి చేరినది. అటుపిమ్మట ఇరుగుపొరుగువారును ఉపాధ్యాయులును ఆ పిల్ల చిక్కిపోవుచున్నదనియు, ఒంటిపై దెబ్బలున్నవనియు పలుమారులు అధికారులకు తెలిపిరి. ఆ మాటలు ఒక కార్యాలయమునుండి మరియొక కార్యాలయమునకు తిరిగినవే కాని పిల్లను కాపాడలేదు.

ఆమె మరణముపై జరిగిన విచారణ 1974లో ముగిసినది. అందు తేలిన ముఖ్యాంశము చాల సామాన్యమైనది. న్యాయస్థానములో తల్లి పక్షమున ఒకరు మాటాడిరి. అధికారుల పక్షమున ఒకరు మాటాడిరి. వారిరువురును ఏకమైనప్పుడు బిడ్డ పక్షమున వేరుగ ఆలోచించి మాటాడుటకు ఎవ్వరును లేకపోయిరి. మరుసటి సంవత్సరమే, అనగా 1975లో, బాలల చట్టము చేయబడినది. తల్లిదండ్రులకు గాని స్థానిక ప్రభుత్వమునకు గాని లోబడని స్వతంత్రుడైన సంరక్షకుని బిడ్డకై న్యాయస్థానము నియమింపవచ్చునని ఆ చట్టము చెప్పినది. అది అమలులోనికి వచ్చుటకు మరి కొన్ని సంవత్సరములు పట్టినది. ఇందు ఒక విషయమును గమనింపవలెను. వినవలసినవారు వినకపోయిన ఫిర్యాదులనుండియే ఈ వ్యవస్థ జన్మించినది.

విడాకుల వ్యాజ్యములలో బిడ్డలను గూర్చి విచారించు పద్ధతి వేరొక దారిని పెరిగినది. 1947లో డెన్నింగ్ అధ్యక్షతన పనిచేసిన సంఘము విడాకుల న్యాయస్థానములకు సంక్షేమాధికారులు కావలెనని సిఫారసు చేసినది. ఆ పని క్రమముగ ప్రొబేషన్ శాఖ చేతికి వచ్చినది. పగలంతయు నేరస్థుల నడవడిని కనిపెట్టుచుండు శాఖవారే తల్లిదండ్రుల నడుమ నలిగిపోవు బిడ్డలను గూర్చియు నివేదికలు వ్రాయుచుండిరి.

1989లో మరియొక బాలల చట్టము వచ్చినది. 1991 అక్టోబరునుండి అమలులోనున్న ఆ చట్టము మొదటి సెక్షనులోనే బిడ్డ క్షేమమే న్యాయస్థానమునకు పరమప్రధానమని చెప్పుచున్నది. ఆ క్షేమమును నిర్ణయించునప్పుడు చూడవలసిన అంశములు ఏడు. బిడ్డ వయస్సునకును బుద్ధికిని తగినట్లు దాని కోరికలు, మనోభావములు మొదటిది. దాని అవసరములు, మార్పువలన దానిపై కలుగు ఫలితము, దాని వయస్సును పూర్వరంగమును, అది పొందిన హాని లేక పొందగల హాని, తల్లిదండ్రుల సామర్థ్యము, న్యాయస్థానమునకు గల అధికారములు తక్కినవి. అదే చట్టమున 7వ సెక్షను క్రింద న్యాయాధిపతి బిడ్డ క్షేమమును గూర్చి నివేదిక తెప్పించుకొనవచ్చును. మన మిప్పుడు మాటాడుచున్న నివేదిక అదియే.

తరువాత వేర్వేరు చేతులలోనున్న ఈ పనులన్నియు ఒక్కచోట చేర్చబడినవి. 2001 ఏప్రిల్ 1వ తేదీన బాలలకును కుటుంబ న్యాయస్థానములకును సలహా, సహాయము ఇచ్చు సంస్థ యొకటి ఏర్పడినది. దాని ఆంగ్లనామములోని తొలి అక్షరములను కూర్చి కాఫ్‌కాస్ అని పిలుతురు. 2005 నుండి వేల్సు ప్రాంతమునకు వేరుగ ఏర్పాటున్నది; కాఫ్‌కాస్ ఇంగ్లండునకు మాత్రమే. ఏటేట లక్షకు పైగా బాలబాలికల వ్యవహారములు దాని చేతిమీదుగ నడచును.

తల్లి గాని తండ్రి గాని న్యాయస్థానమున దరఖాస్తు చేసినంతనే కాఫ్‌కాస్ ఉద్యోగి పోలీసువారిని, స్థానిక ప్రభుత్వమును విచారించి, తల్లిదండ్రులతో వేర్వేరుగ సాధారణముగ టెలిఫోనుపై మాటాడి, బిడ్డకు అపాయమేమైన కలదేమో ఒక లేఖలో తెలుపవలెను. వాడుకలోనున్న పద్ధతి ప్రకారము ఈ తొలి దశలో ఉద్యోగి బిడ్డను చూడడు. విషయము చిక్కైనదని న్యాయాధిపతికి తోచినచో అప్పుడు నివేదికకు ఉత్తరువిచ్చును. అప్పుడుగాని ఉద్యోగి బిడ్డను కలిసికొనడు.

ఇక ఫిర్యాదుల సంగతి. అవి ఒక పక్షమునుండి వచ్చునవి కావు.

తండ్రులు కొందరు ఇట్లందురు: “నాపై మోపిన ఆరోపణ నిజమో అబద్ధమో తేలకమునుపే నివేదికలో ఎక్కినది. అది తేలులోపల నెలలు గడచినవి. ఆ నెలలలో బిడ్డ నన్ను మరచిపోయినది.” ఈ ఆగ్రహము వీధులకెక్కినది. 2004 మే నెలలో తండ్రుల హక్కులకై పోరాడువారు పార్లమెంటు సభాభవనములో ప్రధానమంత్రిపై ఊదారంగు పిండిని విసిరిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో సినిమాలోని బ్యాట్‌మన్ వేషము వేసికొని ఒకడు రాణిగారి బకింగ్‌హామ్ భవనపు గోడ నెక్కి నిలిచెను. చూచినవారు నవ్విరి కాని బిడ్డను కోల్పోయితినను బాధ నవ్వులాట కాదు.

తల్లులు కొందరు ఇట్లందురు: “అతడు నన్ను కొట్టినాడని చెప్పితిని. నివేదికలో దానిని దంపతుల మధ్యనున్న కలహమని వ్రాసిరి. తండ్రిని చూచుట బిడ్డకు మేలని ముందే నిశ్చయించుకొని వచ్చిరి.” ఈ మాట వెనుక దారుణమైన ఉదంతములున్నవి. విమెన్స్ ఎయిడ్ అను మహిళాసంస్థ 2004లో ప్రకటించిన నివేదికలో 13 కుటుంబములకు చెందిన 29 మంది బిడ్డలు సుమారు పదేండ్ల కాలములో, విడిపోయిన తండ్రులను చూచు ఏర్పాట్ల సందర్భమున, ఆ తండ్రుల చేతులలోనే హతులైరని చూపినది. అదే సంస్థ 2016లో మరల లెక్కించగా 12 కుటుంబములలో మరి 19 మంది బిడ్డల పేర్లు ఆ జాబితాలో చేరినవి. అన్నిచోట్లను న్యాయస్థానపు ఉత్తరువే కారణమని చెప్పరాదు. అయినను హెచ్చరికను లక్ష్యపెట్టకపోయినచో ఏమగునో ఆ అంకెలు తెలుపుచున్నవి.

ఇరుపక్షములవారును సమానముగ చెప్పు ఫిర్యాదులు మరికొన్ని కలవు. చెప్పిన మాట ఒకటి, వ్రాసిన మాట మరియొకటి. బిడ్డతో గడపినది కొలది నిమిషములు. వ్రాసినది దృఢమైన అభిప్రాయము. తండ్రి తీసికొనివచ్చిన దినమున పలుకరించిన బిడ్డను తల్లి తీసికొనివచ్చిన దినమున పలుకరింపలేదు. మొదట వచ్చిన ఉద్యోగి మారి రెండవవారు వచ్చిరి. కథయంతయు మరల మొదటినుండి చెప్పవలసివచ్చినది.

ఇట్టి స్థితిలో సంస్థలవారికి సులభముగ తోచు సమాధాన మొకటి కలదు. “తల్లులు మేము తండ్రుల పక్షమందురు, తండ్రులు మేము తల్లుల పక్షమందురు. కనుక మేము నడుమ నిలిచి న్యాయముగనే యున్నాము” అందురు. వినుటకు ఈ వాదము సబబుగనే తోచును. కాని ఒక ఊరిలో వైద్యునిపై జ్వరము వచ్చినవాడును ఫిర్యాదు చేసి, కాలు విరిగినవాడును ఫిర్యాదు చేసినచో వైద్యుడు సమర్థుడని తేలునా? ఇద్దరికిని తప్పుడు వైద్యమే చేసియుండవచ్చును. ఒక యింట నిర్దోషియైన తండ్రికి అన్యాయము జరిగియుండవచ్చును. మరియొక యింట దెబ్బలు తిన్న తల్లికి అన్యాయము జరిగియుండవచ్చును. ఒక తప్పు మరియొక తప్పునకు జమకట్టి కొట్టివేయదగినది కాదు. ఏ ఫిర్యాదునకు ఆ ఫిర్యాదును విడిగ, ఆ బిడ్డ పేరిట విప్పి చూడవలసినదే.

అయితే ఫిర్యాదు చేయువారును తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. దీనిని తెలియకనే అనేకులు నష్టపోవుచున్నారు. ఇట్టి ఫిర్యాదునకు ద్వారములు రెండు. ఉద్యోగి నడవడిని గూర్చిన ఫిర్యాదు ఒక ద్వారమున పోవలెను. ఉద్యోగి అభిప్రాయమును గూర్చిన ఆక్షేపణ మరియొక ద్వారమున పోవలెను.

ఉదాహరణకు ఒక తల్లి యున్నదనుకొందము. ఉద్యోగి చెప్పిన వేళకు రాలేదు, అమర్యాదగ మాటాడినాడు, నివేదికను గడువులోగా ఇయ్యలేదు, వేరొక కుటుంబపు కాగితమును పొరపాటున తనకు పంపినాడు. ఇవి నడవడికి సంబంధించినవి. వీనిని సంస్థకే వ్రాయవలెను. సంస్థ విచారించి సమాధానమియ్యవలెను. తప్పు కనబడినచో క్షమాపణ చెప్పి సరిదిద్దుకొనవలెను. ఆ సమాధానము తృప్తికరముగ లేనిచో ఆమె పార్లమెంటరీ ఆంబుడ్స్‌మన్ వద్దకు పోవచ్చును. 1967 నాటి చట్టము ప్రకారము ఈ అధికారి ప్రభుత్వ కార్యాలయముల అక్రమములను విచారించును. అయితే ప్రజలు నేరుగ పోరాదు. తమ పార్లమెంటు సభ్యుని ద్వారమున పంపుకొనవలెను. ఇక ఉద్యోగి తన వృత్తికే తగనివాడని తోచినచో, 2019 డిసెంబరునుండి పనిచేయుచున్న సోషల్ వర్క్ ఇంగ్లండ్ అను నియంత్రణసంస్థకు తెలుపవచ్చును. కాఫ్‌కాస్ ఉద్యోగులు సోషల్ వర్కరులు గనుక వారి పేర్లు ఆ సంస్థ పట్టికలో ఉండును.

కాని అదే తల్లి “బిడ్డను వారమునకు రెండు దినములు తండ్రియొద్ద ఉంచుమని ఆ ఉద్యోగి సిఫారసు చేసినాడు, అది తప్పు” అని సంస్థకు వ్రాసినచో ఫలము లేదు. అది సాక్ష్యము. సాక్ష్యము సరియైనదా కాదా యని తేల్చు అధికారము న్యాయాధిపతిది. ఉద్యోగిని న్యాయస్థానమునకు పిలిపించి, తక్కిన సాక్షులను అడిగినట్లే అడ్డుప్రశ్నలు వేయవచ్చునని కాఫ్‌కాస్‌ను స్థాపించిన 2000 సంవత్సరపు చట్టమే చెప్పుచున్నది. బిడ్డను ఎంతసేపు చూచితివి, పోలీసు కాగితములను చదివితివా, బడిలో ఎవరితో మాటాడితివి, ఏడంశములలో ఈ అంశమును ఏల విడిచితివి అని అడుగవలెను. న్యాయాధిపతి ఆ సిఫారసునకు కట్టుబడి యుండనక్కరలేదు. త్రోసిపుచ్చినచో కారణములు చెప్పిన చాలును. తీర్పు తప్పని తోచినచో పైన్యాయస్థానమున అప్పీలునకు అనుమతి కోరవలెను. దానికి సాధారణముగ గడువు 21 దినములు.

ఇందలి అపాయము మీకు తోచియే యుండును. ఒకరు నివేదిక చేతికందగనే కోపముతో సంస్థకు పది పుటల ఫిర్యాదు వ్రాసి, జవాబునకై ఎదురుచూచుచు కూర్చుందురు. జవాబు వచ్చును: “ఇది న్యాయస్థానమున చెప్పుకొనవలసిన విషయము.” ఈలోగా విచారణ ముగియును, అప్పీలు గడువును దాటును. మరియొకరు న్యాయాధిపతి ఎదుట ఉద్యోగి ఆలస్యమును, అమర్యాదను వర్ణించుచు, అడుగవలసిన ప్రశ్నలను మరతురు. ద్వారములు రెండును తెరచియే యున్నను పోవలసిన దానిని విడిచి మరియొకదానిని తట్టినవారు వెలుపలనే నిలిచిపోవుదురు.

రెండవ ద్వారము కాగితముమీద ఉన్నంత విశాలము కాదని కూడ ఒప్పుకొనవలెను. 2013 ఏప్రిల్ వరకు బీదవారికి ఇట్టి వ్యాజ్యములలో ప్రభుత్వ వ్యయముతో న్యాయవాది దొరకుచుండెను. 2012లో చేసిన చట్టము ఆ సహాయమును తల్లిదండ్రుల మధ్య వ్యాజ్యములలో చాలవరకు తొలగించినది. గృహహింసకు నిదర్శనములు చూపగలవారికి మాత్రము అది మిగిలినది. నాటినుండి అనేకులు న్యాయవాది లేకయే నిలుచుచున్నారు. చదువుకొని, వృత్తి నేర్చిన ఉద్యోగిని సామాన్యురాలైన తల్లియో, కూలి చేసికొను తండ్రియో అడ్డుప్రశ్నలు వేయుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. వేయలేకపోయిన ప్రశ్నలే తరువాత ఫిర్యాదులుగ మారి సంస్థకు చేరుచున్నవి. అక్కడ వానికి చోటు లేదు.

మరియొక భయము కలదు. కుటుంబ న్యాయస్థానపు విషయములు గోప్యములు; వానిని బయటపెట్టుట న్యాయస్థాన ధిక్కారము కావచ్చును. అందుచేత నివేదికలోని మాటను ఫిర్యాదులో వ్రాయవచ్చునో లేదో యని కొందరు భయపడి ఊరకుందురు. 2010 నాటి కుటుంబ న్యాయవిధాన నిబంధనలు ఈ సందేహమును తీర్చుచున్నవి. వ్యాజ్యముతో సంబంధముగల వ్యక్తిపై గాని సంస్థపై గాని ఫిర్యాదు చేయుటకు అవసరమైనంతవరకు ఆ సమాచారమును తెలుపవచ్చును. పత్రికలకెక్కించుట వేరు, ఫిర్యాదు వినవలసిన అధికారికి చెప్పుట వేరు.

వ్యక్తుల ఫిర్యాదులు విడివిడిగ మూలపడినను, అవి కుప్పగ చేరినప్పుడు పార్లమెంటు వినక తప్పలేదు. సంస్థ పుట్టిన రెండేండ్లకే, 2003లో, కామన్స్ సభాసంఘము దాని పరిపాలనను తీవ్రముగ విమర్శించినది. పిమ్మట పాలకమండలి మారినది. 2007 ఆగస్టులో లండనులోని హారింగే ప్రాంతమున 17 నెలల పసివాడు ఇంటివారి హింసకు బలియయ్యెను. పత్రికలు అతనిని ‘బేబీ పి’ అని వ్రాసినవి. మరుసటి సంవత్సరము ఆ సంగతి లోకమునకు తెలియగనే దేశమంతటను అధికారులు మేలుకొని బిడ్డల రక్షణకై న్యాయస్థానముల కెక్కిరి. వ్యాజ్యములు హఠాత్తుగ పెరిగినవి. బిడ్డలకు సంరక్షకులు సకాలమున దొరకలేదు. 2010లో ప్రభుత్వ లెక్కల సభాసంఘము ఈ సంస్థ తన పనికి తగిన స్థితిలో లేదని కఠినముగ పలికినది. తరువాత సంస్థ కుదుటపడినది. 2014లో తనిఖీ శాఖయైన ఆఫ్‌స్టెడ్ దానిని ‘మంచిది’ అనియు, 2018లో ‘ఉత్తమము’ అనియు నిర్ణయించినది.

కథ ఇక్కడ ముగిసినచో సుఖాంతమగును. కాని 2020 జూనులో న్యాయమంత్రిత్వశాఖ నియమించిన నిపుణుల సంఘము ఇంకొక నివేదికను వెలువరించినది. గృహహింస గల కుటుంబముల బిడ్డలను గూర్చి ఆ సంఘము తల్లిదండ్రులనుండియు, ఉద్యోగులనుండియు వాంగ్మూలములను సేకరించినది. నాలుగు లోపములు పదేపదే కనబడినవని చెప్పినది: ధనము, మనుష్యులు చాలకపోవుట, ఎట్లైనను తల్లిదండ్రులిద్దరితోను సంబంధము నిలుపవలెనను ముందుమొగ్గు, ఒక శాఖకు తెలిసినది మరియొక శాఖకు తెలియకపోవుట, ఇరుపక్షములను కలహమునకు దింపు విధానము. వీనికి మించి మనసును కలచు మాట మరియొకటి కలదు. తండ్రిని చూతునన్న బిడ్డ మాట త్వరగ చెవికెక్కుచున్నదట. చూడనన్న బిడ్డ మాటకు మాత్రము ఎవరో నూరిపోసిరను సందేహము కలుగుచున్నదట. బిడ్డ మాట వినుటకే ఏర్పడిన వ్యవస్థ తనకు నచ్చిన మాటను మాత్రమే వినినచో దానిని వినుట యనవచ్చునా?

ఆ నివేదిక వ్యర్థము కాలేదు. 2022 ఫిబ్రవరిలో ఇంగ్లండునందలి డార్సెట్‌లోను, ఉత్తర వేల్సులోను ఒక క్రొత్తపద్ధతి ప్రయోగముగ ప్రారంభమైనది. దాని ప్రకారము తల్లిదండ్రులు న్యాయాధిపతి ఎదుట వాదములాడుటకు మునుపే ఉద్యోగి బిడ్డ స్థితిని తెలిసికొని నివేదిక సిద్ధము చేయవలెను. తరువాత ఆ పద్ధతి బర్మింగ్‌హామ్ మొదలైన చోట్లకు విస్తరించినది. కుటుంబ న్యాయస్థానములలోనికి పత్రికా విలేఖరులు వచ్చి, బిడ్డ పేరు తెలియనీయక, జరిగిన దానిని వ్రాయుటకు 2023 జనవరిలో లీడ్స్, కార్లైల్, కార్డిఫ్ నగరములలో అనుమతి ఆరంభమై, 2025 జనవరినుండి ఇంగ్లండు అంతటను వ్యాపించినది. తలుపులు మూసిన గదిలో జరిగిన తప్పు తలుపుల వెనుకనే మిగిలిపోవుననుట ఎల్లరకు తెలిసినదే గదా.

అచ్చటనుండు తెలుగు కుటుంబములకు ఒక్క మాట. మన యిండ్లలో బిడ్డను అమ్మమ్మయో, నాయనమ్మయో పెంచుట సహజము. అది తల్లి అశ్రద్ధ కాదని అన్యదేశపు ఉద్యోగికి చెప్పినగాని తెలియకపోవచ్చును. ఆంగ్లము సరిగా రానివారు తలయూపి ఊరకుండక దుబాసీని కోరవలెను. బిడ్డ పూర్వరంగము చట్టములోని ఏడంశములలో ఒకటి. దానిని విడిచిన నివేదికను న్యాయాధిపతి ఎదుట ప్రశ్నించుట తప్పు కాదు. సంభాషణ జరిగిన దినముననే తేదీ, వేళ, అన్న మాట వ్రాసి యుంచుకొనుట మంచిది. ఆరునెలల తరువాత జ్ఞాపకము మీద వ్రాసిన ఫిర్యాదులో కోపము మిగులును కాని వివరము మిగులదు.

ఇక మన దేశమును చూతము. మైనరు క్షేమమే పరమప్రధానమని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టము 13వ సెక్షను చెప్పుచున్నది. బుద్ధి తెలిసిన బిడ్డ ఇష్టమును న్యాయస్థానము గమనింపవచ్చునని అంతకు పూర్వపు 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టములోనే కలదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము కౌన్సిలర్లను నియమించుటకును, నిపుణుల సహాయమును పొందుటకును వీలు కల్పించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోని కుటుంబ న్యాయస్థానములును ఈ చట్టము క్రిందనే నడచుచున్నవి. 2015లో లా కమిషను తన 257వ నివేదికలో బిడ్డల సంరక్షణ చట్టములను సంస్కరింపవలెనని సూచించినది. అయితే కౌన్సిలరు పని సరిగా చేయలేదని తోచినచో తల్లియో, తండ్రియో ఎవరికి చెప్పుకొనవలెనను ప్రస్తావన ఆ 1984 చట్టములో లేదు. న్యాయాధిపతికి విన్నవించుకొనుట, ఉన్నత న్యాయస్థానమునకు అప్పీలు చేయుట అను మార్గములు ఉన్నవి. అవి తీర్పును గూర్చినవి. ఉద్యోగి నడవడికి వేరొక ద్వారము కావలెనా యని మనమును ఆలోచింపవలసియున్నది. ఇంగ్లండువారి యనుభవమునుండి వారి సంస్థను నేర్చుకొనుటకంటె వారి పొరపాట్లను నేర్చుకొనుటయే మనకు లాభకరము కావచ్చును.

చివరకు ఒక విషయము. ఇంతవరకు తల్లి ఫిర్యాదును, తండ్రి ఫిర్యాదును మాటాడితిమి. బిడ్డ ఫిర్యాదు మాట యేమి? “ఆమె నా మాట వ్రాయలేదు, నేనట్లు అనలేదు” అని పదేండ్ల పిల్ల ఎవరికి వ్రాయును? ఇంగ్లండులో బిడ్డలును ఫిర్యాదు చేయవచ్చును. న్యాయస్థానముల అనుభవము గల బాలలు, యువకులు సభ్యులుగ ఒక మండలియు కాఫ్‌కాస్ ఆశ్రయమున పనిచేయుచున్నది. బుద్ధి తెలిసిన బిడ్డ తన పక్షమున వేరుగ న్యాయవాదిని పెట్టుకొను సందర్భములును చట్టములో కలవు. అయినను చాలమంది బిడ్డలకు తమ్మును గూర్చి ఏమి వ్రాసిరో తెలియనే తెలియదు. పెద్దవారు వ్రాయు ఫిర్యాదులలో బిడ్డ పేరు ప్రతి పుటలోను ఉండును. బిడ్డ మాట ఒక్క పుటలోనైనను ఉండకపోవచ్చును.

కనుక ఫిర్యాదు వ్రాయబోవు తల్లియైనను, తండ్రియైనను కాగితము ముందుంచుకొని తమ్ము తాము ఒక ప్రశ్న అడుగుకొనుట మేలు: ఈ తప్పువలన నష్టపడినది నేనా, నా బిడ్డయా? నాకు జరిగిన అవమానము ఒక వాక్యములో చాలును. బిడ్డకు జరిగిన నష్టమును మాత్రము వివరముగ, తేదీలతో వ్రాయవలెను. అట్టి ఫిర్యాదును త్రోసివేయుట ఏ అధికారికైనను కష్టము. దానిని చదువు అధికారియు బ్రైటన్ పట్టణపు ఇరుగుపొరుగువారిని ఒక్కసారి తలచుకొనవలెను. వారు వ్రాయుట రానివారు కావచ్చును. పద్ధతి తెలియక తప్పు కార్యాలయమునకు పోయియుండవచ్చును. కాని వారు చెప్పిన మాట నిజము. ఆ నిజమును ఎవరైన ఒకరు కూర్చుండి వినియుండినచో ఏడేండ్ల పిల్ల ఎనిమిదవ ఏడు చూచియుండెడిది.